పేగు జబ్బు ఉన్నవాళ్ల లివర్ రిపోర్టు ఎలా చదవాలి?

27 ఏళ్ల యువకుడు. మూడేళ్లుగా అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడే జబ్బు) ఉంది, దానికి మెసలమైన్ వాడుతున్నాడు. రోజుకు రెండుసార్లు విరేచనం, రక్తం పడటం లేదు, బరువు తగ్గలేదు. మామూలు చెకప్‌లో ఎల్‌ఎఫ్‌టీ (లివర్ పనితీరు చూసే రక్తపరీక్ష) చేస్తే బిలిరుబిన్ 0.9, ఏఎల్‌టీ 62, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 410, జీజీటీ 380 వచ్చాయనుకుందాం. కామెర్లు లేవు, కడుపునొప్పి లేదు, దురద కూడా లేదు. వార్డు రౌండ్‌లో ఈ కాగితం చేతికిస్తే విద్యార్థుల నుంచి సాధారణంగా వచ్చే జవాబులు రెండు: మందుల ఎఫెక్ట్, లేదా ఫ్యాటీ లివర్. రెండూ కొట్టిపారేయాల్సినవి కావు. పేగు వాపు జబ్బు ఉన్నవాళ్లలో లివర్ ఎంజైములు పెరిగితే ఎక్కువసార్లు తేలే కారణాలు ఇవే. కానీ ఈ కాగితం మీది అంకెలు ఆ దారిలో లేవు.

లెక్క చిన్నదే. ఏఎల్‌టీని దాని ఎగువ పరిమితితో భాగించాలి: 62ని 40తో భాగిస్తే 1.55. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్‌ని దాని పరిమితితో భాగించాలి: 410ని 120తో భాగిస్తే 3.4. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేది ఆర్ విలువ. ఇక్కడ 0.45. ఇది 5 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే దెబ్బ లివర్ కణానికి తగిలినట్టు, 2 లేదా అంతకన్నా తక్కువైతే పైత్యరసం పారుదలలో అడ్డంకి ఉన్నట్టు, మధ్యలో ఉంటే రెండూ కలిసినట్టు. జీజీటీ కూడా పెరిగింది కాబట్టి ఈ ఫాస్ఫటేజ్ ఎముక నుంచి వచ్చింది కాదు. ఎదిగే వయసు పిల్లల్లో ఈ ఒక్క విషయం మరిచిపోతే పెద్ద పొరపాటు జరుగుతుంది. వాళ్లకు ఎముకల పెరుగుదల వల్లే ఫాస్ఫటేజ్ ఎక్కువ ఉంటుంది.

కొలైటిస్ ఉన్న యువకుడిలో పైత్యనాళాల వైపు చూపించే రిపోర్టు వస్తే మొదట తలుచుకోవాల్సిన పేరు ప్రైమరీ స్క్లీరోజింగ్ కొలాంజైటిస్, అంటే పీఎస్‌సీ. తర్వాతి పరీక్ష ఎంఆర్‌సీపీ, అంటే పైత్యనాళాలను చూసే ఎంఆర్‌ఐ. ఆరు నెలలు ఆగి ఎల్‌ఎఫ్‌టీ మళ్లీ చేయిద్దాం అనుకోవడం కాదు.

పాఠ్యపుస్తకాల్లో లివర్ ఒక అధ్యాయం, పేగు ఇంకో అధ్యాయం. పరీక్షల్లోనూ ప్రశ్నలు విడివిడిగానే వస్తాయి. రెండు జబ్బులూ ఒకే మనిషిలో ఉన్నప్పుడు అసలు చిక్కు, జబ్బుల సంఖ్య పెరగడం కాదు. ఒక జబ్బును కొలవడానికి మనం నమ్ముకున్న పరీక్షలను, లక్షణాలను ఇంకో జబ్బు తారుమారు చేస్తుంది. ఈ వ్యాసంలో మిగతాదంతా ఆ విషయం చుట్టూనే తిరుగుతుంది.

రెండు అవయవాల మధ్య రాకపోకలు

లివర్‌కు చేరే రక్తంలో దాదాపు ముప్పాతిక వంతు పోర్టల్ సిర ద్వారా వస్తుంది. పేగుల నుంచి వచ్చే సుపీరియర్ మెసెంటెరిక్ సిర, ప్లీహం నుంచి వచ్చే స్ప్లీనిక్ సిర కలిస్తే అది ఏర్పడుతుంది. కాబట్టి పేగు గోడ దాటి వచ్చే ప్రతి పదార్థమూ ముందు లివర్‌ను తాకే పోతుంది. కొలైటిస్‌లో ఆ గోడ బలహీనపడి బ్యాక్టీరియా శకలాలు లోపలికి వస్తే, వాటిని ముందుగా ఎదుర్కొనేది లివర్‌లోని కుప్ఫర్ కణాలు.

లివర్ నుంచి పేగుకు వెళ్లేది పైత్యరసం. అందులోని బైల్ ఆసిడ్లలో 95 శాతం దాకా చిన్నపేగు చివరి భాగమైన టెర్మినల్ ఇలియంలో తిరిగి రక్తంలోకి పీల్చుకుంటాయి, మళ్లీ లివర్‌కు చేరతాయి. పేగు వాపులో ఇంకో రకమైన క్రోన్స్ జబ్బు ఎక్కువగా కూర్చునే చోటు కూడా అదే. ఆపరేషన్‌లో ఇలియం 100 సెంటీమీటర్ల కన్నా తక్కువ తీసేస్తే, పీల్చుకోని బైల్ ఆసిడ్లు పెద్దపేగులోకి జారి నీళ్ల విరేచనాలు తెప్పిస్తాయి. దీనికి బైల్ ఆసిడ్లను పట్టేసే కొలెస్టైరమిన్ బాగా పనిచేస్తుంది. 100 సెంటీమీటర్లు దాటి తీసేస్తే లివర్ ఆ నష్టాన్ని పూడ్చలేదు, బైల్ ఆసిడ్ల నిల్వే తగ్గిపోతుంది. అప్పుడు కొవ్వు అరగదు, విరేచనం జిడ్డుగా ఉంటుంది, ఇక్కడ కొలెస్టైరమిన్ ఇస్తే పరిస్థితి ఇంకా చెడుతుంది. ఆపరేషన్ అయిన క్రోన్స్ రోగికి విరేచనాలు పెరిగితే జబ్బు తిరగబెట్టిందని స్టెరాయిడ్ మొదలుపెట్టే ముందు, ఎంత పేగు తీశారో పాత డిశ్చార్జి సమ్మరీలో చూడటం అందుకే అవసరం. పైత్యరసం కూర్పు మారడం వల్ల వీళ్లకు పిత్తాశయంలో రాళ్లు కూడా ఎక్కువే.

ఇంకో రాకపోక తెల్లరక్తకణాలది. పేగులో తయారైన లింఫోసైట్లు తిరిగి పేగుకే వెళ్లడానికి వాటి మీద ఆల్ఫా4బీటా7 అనే గుర్తు ఉంటుంది. పేగు రక్తనాళాల మీద ఉండే మ్యాడ్‌క్యామ్-1 ఆ గుర్తును పట్టుకుంటుంది. పీఎస్‌సీలో లివర్ రక్తనాళాల మీద కూడా మ్యాడ్‌క్యామ్-1 కనిపిస్తుంది. పేగుకు వెళ్లాల్సిన కణాలు లివర్‌లో దిగిపోతున్నాయన్న ప్రతిపాదన అక్కడి నుంచే వచ్చింది. వినడానికి చక్కగా ఉంది. కానీ సరిగ్గా ఈ పట్టునే విడగొట్టే వెడోలిజుమాబ్ అనే మందు పేగు వాపును తగ్గించినా, పీఎస్‌సీలో లివర్ రిపోర్టును బాగుచేయలేకపోయింది. సిద్ధాంతం పూర్తిగా తప్పని దీని అర్థం కాదు. నాళాల చుట్టూ మచ్చకట్టడం మొదలయ్యాక కణాల రాకను ఆపినంత మాత్రాన సరిపోకపోవచ్చు.

లక్షణాలు లేని కొలైటిస్, ప్రమాదం ఎక్కువున్న కొలైటిస్

పీఎస్‌సీలో లివర్ లోపలా బయటా ఉన్న పైత్యనాళాలు వాచి, మచ్చకట్టి, అక్కడక్కడా ఇరుకవుతాయి. ఇరుకైన చోట్ల మధ్య నాళం ఉబ్బి ఉంటుంది కాబట్టి ఎంఆర్‌సీపీలో పూసలు గుచ్చిన దారంలా కనిపిస్తుంది. బయాప్సీలో నాళం చుట్టూ ఉల్లిపొరల్లాంటి మచ్చ కనబడటం ప్రసిద్ధమే గానీ, చాలామందిలో ఆ ముక్క సూదికి దొరకదు. ఎంఆర్‌సీపీ స్పష్టంగా ఉంటే బయాప్సీ అక్కర్లేదు. ఎంఆర్‌సీపీ మామూలుగా ఉండి అనుమానం మాత్రం పోకపోతే, చిన్న నాళాలకే పరిమితమైన రకం కోసం, లేదా ఆటోఇమ్యూన్ హెపటైటిస్ కూడా కలిసిందేమో చూడటానికి బయాప్సీ కావాలి.

రోగుల్లో మూడింట రెండొంతులు మగవాళ్లే. ఎక్కువగా 30, 40 ఏళ్ల వయసులో బయటపడుతుంది. ఉత్తర ఐరోపా, అమెరికా లెక్కల ప్రకారం పీఎస్‌సీ ఉన్నవాళ్లలో 60 నుంచి 80 శాతం మందికి పేగు వాపు ఉంటుంది, అందులో ఎక్కువ భాగం అల్సరేటివ్ కొలైటిస్. తిప్పి చూస్తే, అల్సరేటివ్ కొలైటిస్ ఉన్నవాళ్లలో పీఎస్‌సీ వచ్చేది దాదాపు 5 శాతం మందికే. ఈ రెండు శాతాలనూ తారుమారు చేసుకోవడం వైవాలో తరచూ జరుగుతుంది. మన దేశంలో ఈ జత పాశ్చాత్య దేశాలంత ఎక్కువగా కనిపించదు. అయినా కొలైటిస్ కేసులు పెరుగుతున్న చోట దాని కోసం వెతకకపోతే దొరకదు.

విద్యార్థి దృష్టి ఎక్కువసేపు నిలవాల్సింది పీఎస్‌సీతో కలిసి వచ్చే కొలైటిస్ తీరు మీద. పెద్దపేగు మొత్తం వ్యాపించి ఉంటుంది, కానీ కుడివైపు ఎక్కువ, ఎడమవైపు తక్కువ. పురీషనాళాన్ని తరచూ వదిలేస్తుంది. ఇలియం చివర కూడా కాస్త వాపు ఉండొచ్చు. పురీషనాళం బాగానే ఉంటుంది కాబట్టి రక్తం, విరేచనానికి ముక్కాల్సి రావడం, మాటిమాటికీ బాత్రూంకి పరిగెత్తడం పెద్దగా ఉండవు. 'నాకు పర్లేదు డాక్టర్' అంటాడు రోగి. ఆ మాట నిజమే. కానీ అతని పెద్దపేగు క్యాన్సర్ ప్రమాదం, పీఎస్‌సీ లేని కొలైటిస్ రోగితో పోలిస్తే నాలుగైదు రెట్లు. ఆ క్యాన్సర్ కూడా కుడివైపే ఎక్కువ వస్తుంది, అంటే పొట్టి స్కోపు చేరలేని చోట.

కొలైటిస్‌లో క్యాన్సర్ కోసం నిఘా కొలొనోస్కోపీ (పెద్దపేగు మొత్తాన్నీ కెమెరా గొట్టంతో చూడటం) జబ్బు మొదలైన ఎనిమిదేళ్ల తర్వాత అని నేర్చుకుంటాం. పీఎస్‌సీ ఉంటే ఆ ఎనిమిదేళ్ల గడువు లేదు. పీఎస్‌సీ తేలిన రోజు నుంచే ఏటా చేయాలి. పీఎస్‌సీ ముందు తెలిసి, పేగు లక్షణాలేవీ లేకపోయినా ఒకసారి పూర్తి కొలొనోస్కోపీ చేసి, పైకి మామూలుగా కనిపించే చోట్ల నుంచి కూడా బయాప్సీలు తీయాలి. అందులో ఏమీ లేకపోతే ఐదేళ్లకోసారి మళ్లీ చూస్తారు.

నాళాల వైపు ప్రమాదం పైత్యనాళ క్యాన్సర్. జీవితకాలంలో పది పదిహేను శాతం మందికి రావచ్చు. అది పీఎస్‌సీ తెలిసిన మొదటి ఏడాదిలోనే బయటపడటం కూడా అరుదు కాదు. ఏటా స్కానింగ్ చేయమనేది అందుకే. పిత్తాశయంలో 8 మిల్లీమీటర్లు, ఆపైన పాలిప్ ఉంటే పిత్తాశయం తీసేయమని ఐరోపా లివర్ సంఘం సలహా. మామూలు మనుషుల్లో పాలిప్‌లకు పాటించే 10 మిల్లీమీటర్ల గీత ఇక్కడ వర్తించదు. రక్తంలో ఈ క్యాన్సర్ సూచికగా చూసే సీఏ 19-9 పెరిగిందని కంగారుపడే ముందు, నాళంలో ఇన్‌ఫెక్షన్, అడ్డంకి ఉన్నా అది పెరుగుతుందని గుర్తుంచుకోవాలి.

మందుల సంగతి నిరాశ కలిగించేదే. అర్సోడియాక్సీకోలిక్ ఆసిడ్ ఇస్తే ఫాస్ఫటేజ్ తగ్గుతుంది. కానీ ఆయుష్షు పెరిగినట్టు, లివర్ మార్పిడి అవసరం తప్పినట్టు రుజువు కాలేదు. కిలోకు 28 నుంచి 30 మి.గ్రా. చొప్పున పెద్ద మోతాదు ఇచ్చి చూసిన అమెరికా ట్రయల్‌లో, ప్లాసిబో తీసుకున్నవాళ్ల కన్నా మందు తీసుకున్నవాళ్లకే ఎక్కువ నష్టం జరిగింది. 2009లో వచ్చిన ఆ ఫలితం వైద్యంలో చాలా ముఖ్యమైన పాఠం. రిపోర్టులో అంకె మెరుగుపడుతున్నప్పుడే రోగి క్షీణిస్తున్నాడు. పెద్దపేగు మొత్తం తీసేసినా పీఎస్‌సీ నడక ఆగదు. కనుక లివర్ కోసం కొలెక్టమీ చేయడం అనేది లేదు.

పీఎస్‌సీ అని రాసేముందు ఒకసారి రక్తంలో ఐజీజీ4 అనే యాంటీబాడీ చూడాలి. దానికి సంబంధించిన నాళాల వాపు అచ్చం ఇలాగే కనిపిస్తుంది, స్టెరాయిడ్‌కు మాత్రం చక్కగా లొంగుతుంది.

ఒకరి పరీక్షను ఇంకొకరు పాడుచేయడం

సిర్రోసిస్ (లివర్ మచ్చకట్టి గట్టిపడటం) ముదిరిందో లేదో చెప్పడానికి మనం చూసేవి ఆల్బుమిన్ (లివర్ తయారుచేసే ప్రోటీన్), ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టే వేగానికి కొలత), ప్లేట్‌లెట్లు. పేగు వాపు రగులుతున్న మనిషిలో ఈ మూడూ మోసం చేస్తాయి.

ఆల్బుమిన్ 2.4 వచ్చింది. లివర్ తయారుచేయలేకపోతోందా? పుండ్లు పడిన పేగు నుంచి ప్రోటీన్ కారిపోతోందా? వాపు తీవ్రంగా ఉన్నప్పుడు లివర్ తనంతట తానే ఆల్బుమిన్ తయారీ తగ్గించి, వాపును చూపే సీఆర్‌పీ వైపు మళ్లిందా? తిండి సరిగ్గా లేదా? ఆ ఒక్క అంకెను బట్టి ఏదీ చెప్పలేం. తీవ్రమైన కొలైటిస్‌తో చేరిన రోగికి ఆల్బుమిన్ పడిపోవడం సర్వసాధారణం, అతని లివర్ పూర్తిగా బాగుండొచ్చు. అలాంటి రోగికి సిర్రోసిస్ తీవ్రతను కొలిచే చైల్డ్-ప్యూ స్కోరు వేసి సిర్రోసిస్ అని రాస్తే ఆ ముద్ర ఫైలులో ఏళ్ల తరబడి ఉండిపోతుంది.

ఐఎన్‌ఆర్ కూడా అంతే. విటమిన్ కె పీల్చుకోవాలంటే పైత్యరసం కావాలి, పేగు బాగుండాలి. ఎడతెగని యాంటీబయాటిక్స్ దాన్ని ఇంకా తగ్గిస్తాయి. కాబట్టి ఐఎన్‌ఆర్ పెరిగితే ముందు విటమిన్ కె ఇంజెక్షన్ ఇచ్చి, మర్నాడు మళ్లీ చూడాలి. తగ్గితే లోపం విటమిన్‌ది. తగ్గకపోతే లివర్‌ను అనుమానించాలి. రక్తం గడ్డకట్టించే ఫ్యాక్టర్ 5కి విటమిన్ కె తో పనిలేదు. ల్యాబులో చేసే వీలుంటే అది ఇంకా సూటిగా చెబుతుంది.

ప్లేట్‌లెట్ల మోసం అన్నిటికన్నా లోతైనది, ఎందుకంటే అది మామూలు అంకె వేషంలో వస్తుంది. పోర్టల్ ఒత్తిడి (పోర్టల్ సిరలో రక్తపు ఒత్తిడి) పెరిగి ప్లీహం పెద్దదైతే ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. పేగు వాపు, రక్తం పోవడం, ఐరన్ లోపం వల్ల పెరుగుతాయి. రెండూ ఉన్న మనిషిలో రిపోర్టు 2,10,000 అని వస్తుంది, చూసినవాళ్లు నార్మల్ అనుకుంటారు. కొలైటిస్ బాగా అదుపులోకి వచ్చాక అదే మనిషికి 95,000 వస్తే, పేగు వాపుకు వాడే అజాథయోప్రిన్ ఎముక మజ్జను దెబ్బతీసిందని మందు ఆపేస్తారు. నిజానికి అప్పటిదాకా దాగి ఉన్న ప్లీహం బయటపడింది. కడుపు మీద చెయ్యి పెట్టి ప్లీహం తాకుతోందేమో చూడటం, అల్ట్రాసౌండ్‌లో దాని పొడవు కొలవడం, ఇక్కడ ఏ ఖరీదైన పరీక్షకూ తీసిపోవు. ప్లేట్‌లెట్ల మీద ఆధారపడి లివర్ మచ్చను అంచనా వేసే ఫిబ్-4 లాంటి లెక్కలు కూడా వాపు ఉన్నప్పుడు తక్కువ చేసి చూపిస్తాయి.

లివర్ నుంచి పేగు వైపు జరిగే మోసమూ ఉంది. పోర్టల్ ఒత్తిడి వల్ల పెద్దపేగు లోపలి పొర ఎర్రబడి, చిన్న రక్తనాళాలు ఉబ్బి, తాకితే రక్తం కారేలా తయారవుతుంది. కొలొనోస్కోపీలో చూస్తే తేలికపాటి కొలైటిస్ అనిపిస్తుంది. పేగు వాపును చూపే మలంలోని క్యాల్‌ప్రొటెక్టిన్ సిర్రోసిస్‌లోనూ పెరగొచ్చు. బయాప్సీ చదివే పాథాలజిస్టుకు లివర్ చరిత్ర రాసి పంపకపోతే ఆయన చేయగలిగింది తక్కువ.

టీబీ ఉన్న నేల మీద క్రోన్స్

పాశ్చాత్య పుస్తకం రాసిన క్రమంలో మన వార్డు నడవదు. 2023లో ప్రపంచంలో కొత్తగా టీబీ వచ్చినవాళ్లలో దాదాపు 26 శాతం భారత్‌లోనే ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా, అంటే సుమారు 28 లక్షల మంది. పేగు టీబీకి ఇష్టమైన చోటు ఇలియం, సీకం కలిసే మలుపు. క్రోన్స్‌దీ అదే. రెండింట్లోనూ జ్వరం, బరువు తగ్గడం, కుడివైపు కింద నొప్పి, పేగు ఇరుకవడం ఉంటాయి. రెండింట్లోనూ బయాప్సీలో గ్రాన్యులోమాలు (వాపు కణాల చిన్న ముద్దలు) ఉంటాయి. ఛాతీ ఎక్స్‌రే మామూలుగా ఉందని పేగు టీబీని కొట్టేయలేం.

కొలొనోస్కోపీలో పుండు అడ్డంగా, పేగు చుట్టూ తిరిగినట్టు ఉండి, ఇలియోసీకల్ కవాటం నోరు తెరుచుకుని ఉంటే టీబీ వైపు మొగ్గు. పుండ్లు నిలువుగా, మధ్యలో ఆరోగ్యమైన పొర వదిలి ఉంటే, మలద్వారం చుట్టూ ఫిస్టులాలు ఉంటే క్రోన్స్ వైపు. గ్రాన్యులోమాలు పెద్దవై, ఒకదానిలో ఒకటి కలిసిపోయి, మధ్యలో కేజియేషన్ (జున్నులా కుళ్లడం) ఉంటే టీబీ. కేజియేషన్ అన్నిసార్లూ దొరకదు. బయాప్సీ మీద టీబీ క్రిమి జన్యువును వెతికే జీన్‌ఎక్స్‌పర్ట్ పాజిటివ్ వస్తే నమ్మొచ్చు, నెగెటివ్ వస్తే దానికి పెద్ద విలువ లేదు. సీటీలో మధ్యభాగం కుళ్లిన లింఫ్ గ్రంథులు టీబీకి బలమైన సాక్ష్యం.

ఇవన్నీ చూశాక కూడా తేలని కేసులు మిగులుతాయి. అప్పుడు టీబీ మందులతో ట్రయల్ ఇస్తారు. ఇక్కడే లివర్ కథలోకి వస్తుంది. ఐసోనయజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ మూడూ లివర్‌ను దెబ్బతీయగలవు. ఇథాంబ్యుటాల్‌కు ఆ స్వభావం దాదాపు లేదు. వాంతులు, కామెర్లు లాంటి లక్షణాలతో ఏఎల్‌టీ ఎగువ పరిమితికి మూడు రెట్లు దాటితే, లక్షణాలు లేకున్నా ఐదు రెట్లు దాటితే మందులు ఆపాలి. రెండు రెట్ల లోపుకు దిగాక ఒక్కొక్కటిగా మళ్లీ మొదలుపెట్టాలి. రిఫాంపిసిన్ వల్ల తొలి వారాల్లో బిలిరుబిన్ ఒక్కటే కొద్దిగా పెరిగి తగ్గిపోవచ్చు, దానికి మందులు ఆపాల్సిన పనిలేదు.

క్రోన్స్ ఉన్నవాళ్లకు కూడా టీబీ మందుల మీద కొన్నాళ్లు హాయిగా అనిపించొచ్చు. ఆకలి వేస్తుంది, జ్వరం తగ్గుతుంది. అది చూసి టీబీ ఖాయమని ఆరు నెలలు, తొమ్మిది నెలలు, ఏడాది సాగదీయడం జరుగుతోంది. ఈలోగా పేగు ఇరుకైపోతుంది. లక్షణాన్ని కాదు, పుండును చూడాలి. రెండు మూడు నెలల్లో మళ్లీ కొలొనోస్కోపీ చేస్తే టీబీ పుండ్లు మానుతూ కనిపిస్తాయి, క్రోన్స్ పుండ్లు అలాగే ఉంటాయి. రెండోసారి స్కోపు అంటే రోగికి ఖర్చు, భయం, టెన్షన్. అయినా ఏడాదిపాటు అక్కర్లేని మందులతో లివర్‌ను ప్రమాదంలో పెట్టడం కన్నా అది చాలా చౌక. పేగు టీబీకి ఆరు నెలల కోర్సు చాలు. ఆరు నెలలకు తగ్గనిదాన్ని టీబీగానే భావించి ఇంకో ఆరు నెలలు పొడిగించడం సమర్థించలేని పద్ధతి.

తేలకముందే స్టెరాయిడ్ ఇస్తే? టీబీ అయితే వ్యాపిస్తుంది. అమీబా అయితే ఇంకా వేగంగా చెడుతుంది. రక్త విరేచనాలతో వచ్చిన మనిషికి మలపరీక్ష చేయకుండా అల్సరేటివ్ కొలైటిస్ అని ప్రెడ్నిసొలోన్ రాస్తే, అమీబిక్ కొలైటిస్‌లో పేగుకు రంధ్రం పడే ప్రమాదం ఉంది. ఆ అమీబాయే పోర్టల్ సిర ద్వారా వెళ్లి లివర్‌లో, ఎక్కువగా కుడివైపు, చీముగడ్డ కడుతుంది. ఆ దశలో చాలామందికి విరేచనాలు ఉండనే ఉండవు. మెట్రోనిడజోల్‌తో గడ్డ తగ్గాక డైలాక్సనైడ్ లాంటి పేగులో పనిచేసే మందు కూడా ఇవ్వకపోతే అమీబా పేగులో దాక్కుని మళ్లీ వస్తుంది.

మందుల పెట్టెలో లివర్

అజాథయోప్రిన్ రాసే ముందు పాశ్చాత్య పుస్తకాలు టీపీఎంటీ (ఆ మందును విరిచే ఎంజైము) చూడమంటాయి. మన దగ్గర ఎక్కువ ఉపయోగపడేది ఎన్‌యూడీటీ15 జన్యువు. ఆ జన్యువులో తేడా ఉన్నవాళ్లకు మొదటి వారాల్లోనే తెల్లరక్తకణాలు పడిపోతాయి, జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతుంది. రోగి జుట్టు గురించి ఫిర్యాదు చేస్తే షాంపూ సలహా ఇవ్వకుండా అదే రోజు సీబీసీ (రక్తకణాల లెక్క) పంపాలి. లివర్ మీద దీని ప్రభావం రెండు రకాలు. ఒకటి, 6-ఎంఎంపీ అనే మెటబొలైట్ పేరుకుని ఎంజైములు పెరగడం. ఇది మోతాదు తగ్గిస్తే సర్దుకుంటుంది. రెండోది నోడ్యులర్ రీజనరేటివ్ హైపర్‌ప్లేసియా, అంటే లివర్ కణాలు చిన్న చిన్న ముద్దలుగా పెరగడం. ఇది నిశ్శబ్దంగా వస్తుంది, ఎల్‌ఎఫ్‌టీ మామూలుగా ఉంటూనే పోర్టల్ ఒత్తిడి పెరుగుతుంది. మళ్లీ ప్లేట్‌లెట్లు, ప్లీహమే దారి చూపిస్తాయి.

మెథోట్రెక్సేట్ క్రోన్స్‌లో వారానికోసారి ఇచ్చే మందు. అల్సరేటివ్ కొలైటిస్‌లో రెమిషన్ నిలబెట్టడానికి పనికిరాదని ట్రయల్స్‌లో తేలింది. గర్భం దాల్చే అవకాశం ఉన్నవాళ్లకు ఇవ్వకూడదు. లివర్‌లో మచ్చ కడుతుందన్న భయం పాతది. ఆ మచ్చ ఎక్కువగా లావు, షుగర్, మద్యం ఉన్నవాళ్లలోనే కనిపిస్తుంది. అంతకన్నా దగ్గరి ప్రమాదం, వారానికోసారి వేసుకోవాల్సిన మాత్రను రోజూ వేసుకోవడం. మజ్జ దెబ్బతిని ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. చీటీ మీద 'ఆదివారం మాత్రమే' అని తెలుగులో రాసి, రోగితో పాటు వచ్చినవాళ్ల చేత చదివించడం డాక్టరు పనిలో భాగం.

మెథోట్రెక్సేట్‌తో పాటు ఫోలిక్ ఆసిడ్ రాసే ప్రతి తెలుగు విద్యార్థికీ ఒక సంగతి తెలియాలి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఇద్దరు సోదరులను స్ప్రూ జబ్బుకు పోగొట్టుకున్నారు. ఎడతెగని విరేచనాలతో మనిషిని పీల్చేసే పేగు జబ్బు అది. ఆయనకూ వచ్చింది, బతికి బయటపడ్డారు. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం 1940లలో ఫోలిక్ ఆసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. దానికి విరుద్ధంగా పనిచేసే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ వచ్చింది కూడా అక్కడి నుంచే. ఇప్పుడు ఒకే చీటీ మీద పైనా కిందా రాసే ఆ రెండు మందులూ ఒకే మనిషి ఆధ్వర్యంలో పుట్టినవి.

ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ లాంటి బయోలాజిక్ మందులు మొదలుపెట్టే ముందు టీబీ పరీక్ష ఎలాగూ గుర్తుంటుంది. హెపటైటిస్ బి కూడా గుర్తుండాలి, ఈ మందుల కింద దాగి ఉన్న వైరస్ మళ్లీ లేవొచ్చు. 2022 నాటికి భారత్‌లో దాదాపు 2.98 కోట్ల మందికి హెపటైటిస్ బి ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. చాలామందికి తమకు ఉన్న విషయమే తెలియదు. వైరస్ ఇప్పుడు ఉందని చెప్పే హెచ్‌బీఎస్ఏజీ ఒక్కటే చాలదు, ఎప్పుడైనా సోకిందేమో చెప్పే యాంటీ-హెచ్‌బీసీ కూడా పంపాలి. హెచ్‌బీఎస్ఏజీ పాజిటివ్ అయితే వైరస్‌ను అణిచే ఎంటెకావిర్ గానీ టెనోఫోవిర్ గానీ ముందుగానే మొదలుపెట్టి, బయోలాజిక్ ఆపిన తర్వాత కూడా ఆరు నెలల నుంచి ఏడాది దాకా కొనసాగించాలి. ఎక్కువ కాలం స్టెరాయిడ్ వాడబోయేవాళ్లకూ ఈ జాగ్రత్త వర్తిస్తుంది. పరీక్షలు నెగెటివ్ అయితే, పేగు జబ్బు తేలిన రోజే టీకా వేయాలి. ఇమ్యూనిటీ తగ్గించే మందులు మొదలయ్యాక టీకా సరిగ్గా పట్టదు. ఈ టీకా దేశమంతటా పిల్లల టీకాల జాబితాలోకి వచ్చింది 2011 ప్రాంతంలో. ఇప్పుడు ఓపీకి వస్తున్న పెద్దవాళ్లలో ఎక్కువమంది అంతకు ముందు పుట్టినవాళ్లే.

బుడెసొనైడ్ అనే స్టెరాయిడ్ గురించి ఒక మాట. లివర్ దాన్ని మొదటి విడతలోనే దాదాపు 90 శాతం విరిచేస్తుంది, అందుకే అది పేగులో పనిచేసి ఒంటికి పెద్దగా పట్టదు. సిర్రోసిస్ ఉంటే ఆ వడపోత ఉండదు, రక్తం లివర్‌ను తప్పించుకుని పక్కదారుల్లో పోతుంది, ఆ మందు మామూలు స్టెరాయిడ్‌లా ఒళ్లంతా పనిచేస్తుంది. సిర్రోసిస్‌లో దాన్ని వాడకూడదు.

చీటీలో లేని మందుల్ని కూడా అడగాలి. కామెర్లకు పసరు పోయించుకున్నారా, ఇమ్యూనిటీ కోసం తిప్పతీగ తాగుతున్నారా అని పేరు పెట్టి అడగాలి. ఊరికే 'వేరే మందులేమైనా?' అంటే జవాబు లేదనే వస్తుంది, ఎందుకంటే ఇళ్లలో వాటిని మందుగా లెక్కపెట్టరు. కోవిడ్ రోజుల్లో తిప్పతీగ వాడినవాళ్లలో ఆటోఇమ్యూన్ హెపటైటిస్ లాంటి జబ్బు బయటపడిన కేసులు మన దేశం నుంచే ప్రచురితమయ్యాయి. కోప్పడకుండా అడిగితే చెబుతారు. మద్యం విషయమూ అంతే.

మార్పిడి దాకా వెళ్తే

పేగు వాపు రగిలినప్పుడు సిరల్లో రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది, పోర్టల్ సిరలో కూడా. అందుకే తీవ్రమైన కొలైటిస్‌తో చేరిన రోగికి విరేచనంలో రక్తం పడుతున్నా, గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ ఇస్తారు. ఇది విద్యార్థులకు నమ్మబుద్ధి కాదు, కానీ గడ్డ వల్ల జరిగే నష్టం ఆ కొద్ది రక్తం కన్నా చాలా పెద్దది. మార్పిడి అవసరమయ్యే రోగికి పోర్టల్ సిర మూసుకుపోయి ఉంటే సర్జన్ పని ఎన్నో రెట్లు కష్టమవుతుంది.

పీఎస్‌సీ ముదిరినవాళ్లకు నిలిచే వైద్యం లివర్ మార్పిడి ఒక్కటే. ఫలితాలు మంచివే, అయితే దాదాపు ఐదుగురిలో ఒకరికి కొత్త లివర్‌లోనూ జబ్బు తిరిగొస్తుంది. మార్పిడికి ముందు కొలొనోస్కోపీ తప్పనిసరి, క్యాన్సర్ దాగి ఉంటే ఇమ్యూనిటీ తగ్గించే మందుల కింద అది వేగంగా పెరుగుతుంది. పెద్దపేగు తీయాల్సివస్తే, పోర్టల్ ఒత్తిడి ఉన్నవాళ్లకు ఇలియోస్టమీ (చిన్నపేగు చివరను పొట్ట మీదికి తెచ్చిన ద్వారం) పెట్టిన చోట చుట్టూ సిరలు ఉబ్బి మళ్లీ మళ్లీ రక్తం పోతుంది. పౌచ్ (చిన్నపేగుతో లోపలే కుట్టే సంచి) చేస్తే ఆ బాధ తగ్గుతుంది, కానీ పీఎస్‌సీ ఉన్నవాళ్లకు పౌచ్ వాపు ఎక్కువ. ఏది ఎంచుకోవాలన్నది సర్జన్, హెపటాలజిస్టు, గ్యాస్ట్రోఎంటరాలజిస్టు రోగి దగ్గర కలిసి కూర్చుని తేల్చాల్సిన విషయం. ఇమ్యూనిటీ తగ్గించే టాక్రోలిమస్ మీద ఉన్నా కొందరికి మార్పిడి తర్వాత కొలైటిస్ పెరుగుతుంది. అప్పుడు వచ్చిన విరేచనాలకు సైటోమెగాలోవైరస్, క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసైల్ బ్యాక్టీరియా, మైకోఫెనొలేట్ మందు ఎఫెక్ట్ మూడింటినీ చూసిన తర్వాతే స్టెరాయిడ్ పెంచాలి. కొత్త లివర్ ఎంత బాగా పనిచేస్తున్నా, పెద్దపేగు ఉన్నంతకాలం ఏడాదికోసారి కొలొనోస్కోపీ కొనసాగుతుంది.